గీతలు గీస్తే ఊరు ఆగుతుందా?

(భూవినియోగ మండలాలు, నగర విస్తరణ అన్న అంశంపై విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిలు, కమ్యుటేషన్, వైద్య ఖర్చుల బిల్లులు – మన సభల్లో సాధారణంగా వినిపించే మాటలు ఇవి. అటువంటి చోట నగర ప్రణాళిక గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఆ పని నాకు అప్పగించి ఉంటారు. అయితే ఈ అంశం మనకు దూరమైనదేమీ కాదు. మనలో చాలామందికి గ్రాట్యుటీ చేతికి రాగానే వచ్చే మొదటి ఆలోచన – పిల్లల పేరన ఒక రెండు వందల గజాల స్థలం. ఆ స్థలం పటం మీద ఏ రంగులో ఉందో చూసి కొన్నవారు ఎందరు? ముప్ఫై ఏళ్ళ కష్టార్జితం ఒక రంగు మీద ఆధారపడి ఉంటుందని తెలియక ఇబ్బంది పడినవారు ఈ సభలోనే ఉన్నారు. వారి బాధ నాకు తెలుసు. అందుకే ఒప్పుకున్నాను.

ప్రశ్న సూటిగా ఇది. ప్రభుత్వం భూమిని మండలాలుగా విభజించి, ఇక్కడ ఇళ్ళు కట్టవచ్చు, అక్కడ కట్టరాదు అని నిర్ణయిస్తే నగరం పెరగడం ఆగుతుందా? నాకు తెలిసిన సమాధానం ముందే చెప్పి, తరువాత కారణాలు మనవి చేస్తాను. గీత ఒక్కటే గీస్తే నగరం ఆగదు. పక్కకు తిరుగుతుంది, లేదా గీతను దాటి అవతల దిగుతుంది. గీతతోపాటు రోడ్డు, నీరు, కరెంటు కూడా అదే మాట చెప్పినప్పుడు, గీత లోపల సామాన్యుడికి ఇల్లు దొరికినప్పుడు మాత్రమే అది నిలబడుతుంది.

జోనింగ్ అంటే ఏమిటి?

మాస్టర్ ప్లాను పటం చూసినవారికి రంగులు గుర్తుంటాయి. పసుపు నివాసాలకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రభుత్వ, ప్రజోపయోగ స్థలాలకు, పచ్చ పార్కులకు, వ్యవసాయానికి, చెరువుల పరిసరాలకు. ఇలా ఏ భూమిని దేనికి వాడాలో చట్టబద్ధంగా నిర్ణయించడమే జోనింగ్. అమెరికాలో న్యూయార్క్ నగరం 1916లో ఇటువంటి నిబంధనలు తెచ్చింది. 1926లో అక్కడి సుప్రీంకోర్టు, స్థల యజమాని ఇష్టం మీద ఊరి క్షేమం కోసం ఇటువంటి ఆంక్ష పెట్టవచ్చునని తీర్పు చెప్పింది. మన వైపు మద్రాసు రాజధానిగా ఉన్న జిల్లాలకు 1920లోనే పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. హైదరాబాదులో 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు బస్తీలు తొలగించి రోడ్లు, ఇళ్ళు కట్టింది. వరద అదుపు కోసం విశ్వేశ్వరయ్యగారు ఇచ్చిన సలహా ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మనం గండిపేట నీళ్ళు అని గర్వంగా చెప్పుకునేది ఆ ఉస్మాన్ సాగర్ నీటినే. ఈ రెండు చెరువుల కథకు మళ్ళీ వస్తాను.

జోనింగ్‌కు మొదటి ఉద్దేశం ఊరిని ఆపడం కాదని గమనించాలి. చర్మాల కార్ఖానా పక్కన బడి ఉండకూడదు, ఇళ్ళ మధ్య రసాయనాల గోడౌను ఉండకూడదు – ఇదీ దాని పుట్టుక. ఆ పనిని అది చాలావరకు చేసింది కూడా. ఊరి పెరుగుదలకు హద్దు వేసే బాధ్యత దాని నెత్తిన తరువాత పెట్టారు.

మన నగరం ఎలా పెరిగింది?

1960లలో రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి. అప్పటికి అవన్నీ ఊరి బయటి చేలు. ఫ్యాక్టరీ వెళ్ళిన చోటికి క్వార్టర్లు, క్వార్టర్ల వెంట కాలనీలు, కాలనీల వెంట బస్సులు వెళ్ళాయి. 1975లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ, మనం హుడా అని పిలుచుకున్నది, ఏర్పడింది. అదే సంవత్సరం నగరానికి మాస్టర్ ప్లాను కూడా అమలులోకి వచ్చింది. అప్పటికే ఊరు చాలా చోట్ల ప్లానుకన్నా ముందు నడిచింది.

1991 జనాభా లెక్కల్లో హైదరాబాదు మహానగర సముదాయంలో సుమారు 43 లక్షల మంది ఉన్నారు. 2011 నాటికి సుమారు 77 లక్షలు. పాత మునిసిపల్ కార్పొరేషన్ విస్తీర్ణం 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాదు చేసినప్పుడు అది 600 చదరపు కిలోమీటర్లు దాటింది. 2008లో హుడా స్థానంలో హెచ్.ఎం.డి.ఏ. వచ్చి, దాని పరిధి సుమారు 7,200 చదరపు కిలోమీటర్లు అయింది. 2025లో ఆ పరిధిని ప్రాంతీయ వలయ రహదారి దాకా జరిపారు. అది 10 వేల చదరపు కిలోమీటర్లు దాటింది.

ఈ అంకెలు చెప్పడంలో ఒక ఉద్దేశం ఉంది. ప్రతిసారీ ముందు ఊరు పెరిగింది, తరువాత పరిధి పెరిగింది, ఆ తరువాత రంగుల పటం వచ్చింది. 2013 జనవరిలో వచ్చిన మహానగర ప్రణాళికలో ఔటర్ రింగు రోడ్డుకు రెండు వైపులా కిలోమీటరు చొప్పున గ్రోత్ కారిడార్, దానికి అవతల శివారు మండలం, ఇంకా అవతల కన్జర్వేషన్ జోన్ అని వరుసగా ఏర్పాటు చేశారు. కాగితం మీద చక్కని ఏర్పాటే. కానీ 158 కిలోమీటర్ల ఔటర్ మీద ఒక్కొక్క ఇంటర్‌చేంజి తెరిచేకొద్దీ, అక్కడినుంచి పది కిలోమీటర్ల దాకా పొలాల్లో రాళ్ళు పాతి, పై జెండాలు కట్టి, మధ్యాహ్న భోజనంతో సహా బస్సుల్లో జనాన్ని తీసుకువెళ్ళి ప్లాట్లు అమ్మడం మనం కళ్ళారా చూశాం. పటంలో పచ్చగా ఉన్న చోట నేల మీద తెల్లరాళ్ళు మొలిచాయి.

జి.ఓ. 111 చెప్పే పాఠం

ఇప్పుడు ఆ రెండు చెరువుల కథకు వస్తాను. మన రాష్ట్రంలో జోనింగ్‌ను గట్టిగా ప్రయోగించిన సందర్భం ఇదే. 1996 మార్చి 8న జి.ఓ. 111 వచ్చింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో ఉన్న 84 గ్రామాలకు అది వర్తించింది. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు వద్దన్నారు. ఆ ప్రాంతంలో 90 శాతం భూమి వ్యవసాయానికి, విహార స్థలాలకు ఉంచాలన్నారు. లేఅవుట్ వేస్తే అందులో 60 శాతం ఖాళీగా వదలాలన్నారు. స్థల విస్తీర్ణంలో సగానికి మించి కట్టడపు విస్తీర్ణం ఉండరాదన్నారు. తాగునీటి చెరువులోకి వచ్చే వాన నీటి దారులు మూసుకుపోకూడదు, మురుగు కలవకూడదు – అంతే ఉద్దేశం. ఒక నూనె సంబంధ పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇవ్వబోతే, 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

మరి ఫలితం? రెండు మాటలూ నిజమే. మొదటిది – ఆ జి.ఓ. పనిచేసింది. గచ్చిబౌలి వైపు అంతస్తుల మీద అంతస్తులు లేస్తుంటే, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆ 84 గ్రామాల్లో చేలు చేలుగానే చాలాకాలం మిగిలాయి. ఆ గీత లేకపోతే 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైన తరువాత పదేళ్ళలో గండిపేట చుట్టూ ఏమి వచ్చి ఉండేదో ఊహించడం కష్టం కాదు.

రెండవది – అక్కడ ఆగిన నగరం ఊరికే కూర్చోలేదు. దాన్ని దాటుకుని షాద్‌నగర్ దిక్కుకు, ఇంకా దూరానికి వెళ్ళింది. గ్రామాల లోపల కూడా ఫాంహౌసులు, ఫంక్షన్ హాళ్ళు, కాలేజీలు వచ్చాయి. వాటికి అనుమతులు ఏ విధంగా ఉన్నాయన్న వివాదాలు కోర్టులకెక్కాయి. ఔటర్ రింగు రోడ్డు హిమాయత్ సాగర్ పక్కగానే సాగింది. ఒక చేత్తో కట్టవద్దని చెప్పి, మరో చేత్తో ఎనిమిది వరుసల రోడ్డు చూపిస్తే రైతు దేనిని నమ్మాలి?

ఆ గ్రామాల రైతు మాట కూడా మనం వినాలి. గట్టుకు ఇటువైపున్న పొలం కోట్లు పలుకుతుంటే, అటువైపున్న తన పొలం అందులో చిన్న భాగం కూడా పలకదు. కూతురి పెళ్ళికి, కొడుకు చదువుకు ఎకరం అమ్ముదామంటే కొనేవాడు లేడు. నగరానికి మంచినీళ్ళు దక్కాలని తాను నష్టపోతే, నగరం తనకు ఏమి ఇచ్చింది అని అతడు అడిగాడు. ఆ ప్రశ్నకు ఏ ప్రభుత్వమూ సరైన సమాధానం చెప్పలేదు. 2004 నుంచి కృష్ణా నీళ్ళు, తరువాత గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి నగరానికి రావడం మొదలయ్యాక, ఈ చెరువుల మీద ఆధారపడనవసరం లేదన్న వాదన బలపడింది. 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ద్వారా ఆంక్షలు సడలించారు. 2023 మేలో జి.ఓ. 111ను పూర్తిగా తొలగించాలని అప్పటి మంత్రివర్గం తీర్మానించింది. విషయం హైకోర్టుకు చేరింది. న్యాయం జరగని గీత ఎక్కువకాలం నిలవదని దీనివల్ల తెలుస్తున్నది.

ఒక్క మాట మాత్రం మరచిపోరాదు. ఆ జలాశయాలు కట్టింది తాగునీటి కోసమే కాదు, ముందు వరద ఆపడానికి. పైపుల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి గనుక గండిపేటతో పని లేదనేవారు 1908ని తలచుకోవాలి. అంత వెనక్కి వెళ్ళలేకపోతే 2020 అక్టోబరును తలచుకోవాలి. ఆ రాత్రి నీళ్ళు ఎక్కడ నిలిచాయి? ఎక్కువగా చెరువుల శిఖం భూముల్లో, నాలాల మీద, వాటి పక్కన వెలసిన కాలనీల్లో. నీటికి మన పట్టాలు, దస్తావేజులు చదవడం రాదు.

ఇతర దేశాల అనుభవం

లండన్ నగరం చుట్టూ పచ్చని వలయం ఉంచాలని 1938లో చట్టం చేశారు. 1947 చట్టంతో భూమి మీద కట్టడపు హక్కు ప్రభుత్వ అనుమతికి లోబడింది. 1950లలో ఆ వలయం స్థిరపడింది. అక్కడ గీత నిలబడిందనే చెప్పాలి. లండన్‌కు ఆనుకుని ఉన్న పొలాలు ఈనాటికీ పొలాలే. ఆ వలయంతో పాటు వారు మరొక పని చేశారు. 1946లో కొత్త పట్టణాల చట్టం తెచ్చి, వలయానికి అవతల స్టీవనేజ్, హార్లో, క్రాలీ వంటి పట్టణాలు ఇళ్ళతో, పనులతో సహా కట్టారు. ఆపినచోట ఆపి, పంపవలసిన చోటికి దారి చూపారు. అయినా వలయం అవతల ఇల్లు, లండన్‌లో ఉద్యోగం, రోజూ రైలు ప్రయాణం లక్షలాది కుటుంబాలకు తప్పలేదు. లోపల ఇళ్ళ ధరలు సామాన్యుడికి అందకుండా పోవడానికి ఈ వలయమూ ఒక కారణమని అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తున్నది.

అమెరికాలో ఒరెగన్ రాష్ట్రం 1973లో ఒక చట్టం చేసి, ప్రతి పట్టణం తన చుట్టూ ఎదుగుదల హద్దు గీసుకోవాలన్నది. పోర్ట్‌లాండ్ నగరం 1979లో గీసుకుంది. ఈ హద్దులో మనం నేర్చుకోవలసినవి మూడు. హద్దు లోపల రాబోయే 20 ఏళ్ళకు సరిపడా భూమి ఉండాలి, కొన్నేళ్ళకొకసారి లెక్క చూసుకోవాలి. హద్దు లోపల అపార్టుమెంట్లు, చిన్న ఇళ్ళు కట్టనివ్వబోమని ఏ మునిసిపాలిటీ భీష్మించరాదు. హద్దు బయటికి నగర సదుపాయాలు పోరాదు. ఈ మూడూ కలిసి నడిచాయి కనుక అక్కడ గీత చాలావరకు పనిచేసింది. అక్కడ కూడా నదికి ఆవలి ఒడ్డు వేరే రాష్ట్రం కావడంతో కొంత జనం అటు మళ్ళారు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ మన పిల్లలు ఎంతోమంది కాపురాలుంటున్న టెక్సాస్‌లోని హూస్టన్. ఆ మహానగరంలో జోనింగ్ చట్టమే లేదు. అక్కడికి వెళ్ళివచ్చిన మనవాళ్ళు చెప్పేదేమిటంటే, పాల ప్యాకెట్‌కైనా కారు తీయాలి అని. జోనింగ్ లేకపోయినా నగరం వ్యాపిస్తుంది, ఉన్నా వ్యాపిస్తుంది. కనుక వ్యాప్తికి అసలు కారణం మరెక్కడో వెతకాలి.

ఆంక్షే ఊరిని తరిమితే?

కొందరు ఆర్థికవేత్తలు ఇంకొక అడుగు ముందుకు వేసి, నగరం లోపలి ఆంక్షలే నగరాన్ని బయటికి తరుముతున్నాయంటారు. ఎత్తు పెంచనివ్వకపోతే జనం అడ్డంగా పరుచుకుంటారు గదా అని వారి తర్కం. అలెన్ బెర్టాడ్, జాన్ బ్రూక్నర్ అనే ఇద్దరు 2005లో బెంగుళూరు మీద చేసిన అధ్యయనంలో ఇదే చూపారు. ఇందులో సత్యం ఉంది. మనకు మరొక ఉదాహరణ 1976 పట్టణ భూ పరిమితి చట్టం. హైదరాబాదులో ఒక యజమానికి 1,000 చదరపు మీటర్ల ఖాళీ స్థలం మించరాదన్నారు. పేదలకు ఇళ్ళ స్థలాలు వస్తాయని ఆశించారు. జరిగిందేమిటి? నగరం నడిబొడ్డున వేల ఎకరాలు కేసుల్లో, మినహాయింపుల్లో చిక్కుకుని పడివున్నాయి. ఇల్లు కావలసిన గుమాస్తా, మాస్టారు ఊరి బయట సొసైటీ ప్లాట్ల వైపు పరుగెత్తారు. కేంద్రం ఆ చట్టాన్ని 1999లో రద్దు చేయగా, మన రాష్ట్రం 2008లో గాని ఆ రద్దును అనుసరించలేదు.

అయితే ఈ తర్కం కూడా పూర్తి కథ చెప్పదు. హైదరాబాదులో 2006లో జి.ఓ. 86తో కట్టడపు విస్తీర్ణం మీద ఉన్న పరిమితి తీసివేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చునన్నారు. బొంబాయిలో లేని వెసులుబాటు ఇది. ఎత్తు అనుమతిస్తే విస్తరణ ఆగాలి గదా! నార్సింగి, కోకాపేటల్లో నలభై, యాభై అంతస్తులు లేచాయి. అదే సమయంలో యాదగిరిగుట్ట దారిలో, శ్రీశైలం దారిలో, ముంబయి దారిలో ప్లాట్లూ పరుచుకున్నాయి. నలభయ్యో అంతస్తు ఫ్లాటు మన పింఛనుదారుడు కొనగలిగేది కాదు. అతడు కొనగలిగేది ఊరి బయట నూటయాభై గజాలే. ఎత్తుకు అనుమతి ఇవ్వడం వేరు, అందుబాటు ధరకు ఇల్లు ఉండడం వేరు.

గీత ఎందుకు నిలవదు?

నా అనుభవంలో ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, పటం వేసే శాఖ ఒకటి, రోడ్డు వేసే శాఖ ఒకటి, రిజిస్ట్రేషన్ చేసే శాఖ మరొకటి. ఒకరు వద్దన్నచోట మరొకరు స్టాంపు వేస్తారు. చాలాకాలం రిజిస్ట్రేషన్ ఆఫీసులో అనుమతి లేని లేఅవుట్ ప్లాట్లు నిరభ్యంతరంగా రిజిస్టరయ్యాయి. 2020 ఆగస్టులో తెలంగాణలో వాటిని ఆపమన్నారు. అప్పటికి అమ్మినవాడు అమ్ముకుని వెళ్ళాడు. దస్తావేజు పట్టుకుని మిగిలినవాడు మనవాడే.

రెండవది క్రమబద్ధీకరణ. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో అనుమతి లేని లేఅవుట్లను రుసుం తీసుకుని క్రమబద్ధం చేసే పథకం తెచ్చారు. ఇదే చివరిసారి అన్నారు. తెలంగాణలో 2015లో మళ్ళీ తెచ్చారు. 2020లో మళ్ళీ తెచ్చారు. ఆ 2020 పథకానికి రాష్ట్రమంతటా వచ్చిన దరఖాస్తులు సుమారు 25 లక్షలు. ఈ అంకెను ఒక్క క్షణం మనసులో ఉంచుకోండి. 25 లక్షల ప్లాట్లు గీతకు అవతల అమ్ముడయ్యాయన్నమాట. అవి ఏళ్ళ తరబడి పెండింగులో ఉండి, 2025లో ఇరవై అయిదు శాతం తగ్గింపు ఇచ్చి కదిలించవలసి వచ్చింది. కొన్నవారిలో అత్యధికులు నేరస్థులు కారు, మధ్యతరగతి మనుషులు. కాబట్టి వారిని వీధిన పడేయమని నేననను. కానీ రేపు ఎలాగూ క్రమబద్ధం చేస్తారులే అన్న నమ్మకం పుట్టిన రోజునే గీత చెరిగిపోతుంది. కంచె దాటినవాడికి రశీదు ఇచ్చి పంపితే కంచె ఎందుకు?

మూడవది, ఇంతకుముందు చెప్పిన రైతు గోడు. పచ్చరంగు వేసిన భూమి యజమానికి ఆ నష్టం ఎవరు పూడుస్తారు? రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి టి.డి.ఆర్. పత్రాలు ఇస్తున్నారు. నీటి వనరుల పరిసరాల్లో చేను చేనుగా ఉంచినందుకు కూడా అటువంటి ప్రతిఫలం ఏదో ఒకటి నగరం చెల్లించాలి. ఊరికే ఒక వర్గం నెత్తిన భారం పెడితే, ఆ వర్గం ఓటు వేసే రోజున గీత జరుగుతుంది.

మన జాగ్రత్తలు

ప్రభుత్వాలు చేయవలసినది అది. మనం చేయవలసినది కూడా కొంత ఉంది. సభలోనివారు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు కనుక కొన్ని విషయాలు చెబుతాను.

స్థలం కొనేముందు సర్వే నంబరుతో ఆ భూమి ఏ జోన్‌లో ఉందో తెలిపే ధ్రువపత్రం పట్టణాభివృద్ధి సంస్థ నుంచి తీసుకోండి. అమ్మేవాడు చూపే రంగుల కరపత్రం ధ్రువపత్రం కాదు. కన్జర్వేషన్ జోన్‌లో ఫాంల్యాండ్ పేరుతో గుంటల లెక్కన అమ్మే స్థలాలు చాలా ఉన్నాయి. అయిదు గుంటలంటే 605 గజాలు, ధర చవక, చుట్టూ మామిడి మొక్కలు – చూడముచ్చటగా ఉంటుంది. అక్కడ ఇంటికి అనుమతి వస్తుందని వ్రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వరు.

రిజిస్ట్రేషన్ అయింది గనుక సక్రమమే అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ చెప్పేది ఎవరు ఎవరికి అమ్మారు అన్నదే. అక్కడ కట్టవచ్చునా అన్నది వేరే ప్రశ్న. లేఅవుట్‌కు తాత్కాలిక అనుమతి ఒకటి, రోడ్లు, కాలువలు పూర్తయ్యాక ఇచ్చే తుది అనుమతి మరొకటి. ఏది వచ్చిందో అడగండి. కొన్ని ప్లాట్లు సంస్థకు తనఖాలో ఉంటాయి. మీకు చూపించిన ప్లాటు వాటిలో ఉందేమో చూసుకోండి. పార్కుకు వదిలిన స్థలం స్థానిక సంస్థ పేర గిఫ్టు దస్తావేజు అయిందా చూడండి. లేకపోతే పదేళ్ళకు ఆ పార్కులోనూ ఇల్లు లేస్తుంది.

చెరువు దగ్గర స్థలమైతే పూర్తి నీటి మట్టం గీత ఎక్కడుందో తెలుసుకోవాలి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో చెరువు చూసి కొనకండి. వానాకాలంలో వెళ్ళి చూడండి, ఊళ్ళో ముసలివాళ్ళను అడగండి, పాత గ్రామ నక్షా చూడండి. 2024 జులైలో హైడ్రా ఏర్పడిన తరువాత చెరువుల్లో కట్టడాలు కూల్చిన దృశ్యాలు టీవీల్లో చూశాం. సామాను ఆరుబయట పెట్టుకుని కూర్చున్న కుటుంబాల్లో బ్యాంకు వాయిదాలు ఇంకా కడుతున్నవారు ఉన్నారు. అనుమతి ఇచ్చినవారు, అమ్మినవారు ఆ దృశ్యంలో ఎక్కడా కనిపించలేదు.

చివరగా ఒక విన్నపం. మాస్టర్ ప్లాను ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు, సలహాలు చెప్పుకోవడానికి ప్రజలకు గడువు ఇస్తారు. ఆ గడువులో వచ్చే కాగితాలలో అధికభాగం తమ భూమి రంగు మార్చమని కోరేవే ఉంటాయి. ఈ చెరువు కాలువ ఉండనివ్వండి, ఈ పార్కు చెరపవద్దు అని వ్రాసేవారు అరుదు. మనకు తీరిక ఉంది. ఫైలు ఎలా నడుస్తుందో తెలుసు. దరఖాస్తు వ్రాయడం అంతకన్నా బాగా తెలుసు. మన సంఘంలో రెవెన్యూ, ఇరిగేషన్, పంచాయతీరాజ్, రిజిస్ట్రేషన్ శాఖల్లో పనిచేసినవారు అందరూ ఉన్నారు. ఒక్కొక్క ప్రాంతానికి నలుగురు కూర్చుని ముసాయిదా పటం పరిశీలించి సంఘం పక్షాన వ్రాస్తే అది చిన్న పని కాదు. ప్లాటు కొనబోయే సభ్యులకు కాగితాలు చూసిపెట్టే ఏర్పాటు కూడా సంఘం కార్యాలయంలో నెలకు ఒక రోజు పెట్టవచ్చు. ఈ రెండు సూచనలను కార్యవర్గం పరిశీలనకు ఉంచుతున్నాను.

నగరం పెరగరాదని నేననడం లేదు. బ్రతుకుతెరువు కోసం వచ్చినవారిమే మనలో చాలామందిమి. వచ్చేవారికి చోటు చూపించి, నీటికి దాని చోటు విడిచిపెట్టి, చేను ఉంచినవాడికి ప్రతిఫలమిచ్చి, అప్పుడు గీసిన గీతకు అర్థం ఉంటుంది. మన గ్రాట్యుటీ సొమ్మూ, మనవల మంచినీళ్ళూ రెండూ ఆ గీత మీదనే ఆధారపడి ఉన్నాయి.